చెదురుతూ పెరిగే పచ్చదనం

1999 ఫిబ్రవరిలో టంగరోవా అనే న్యూజిలాండ్ పరిశోధన నౌక ఆస్ట్రేలియాకు దక్షిణంగా, అంటార్కిటికా దారిలో, ఎటు చూసినా నీళ్లు తప్ప మరేమీ లేని చోటికి వెళ్లి సముద్రంలోకి అన్నభేది వదిలింది. మన దగ్గర వేరుశనగ ఆకు పాలిపోతే రైతులు నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేసే అన్నభేదే అది. అక్కడి నీళ్లదీ అదే జబ్బు. నత్రజని ఉంది, భాస్వరం ఉంది, అక్కడ వేసవి కాబట్టి ఎండా ఉంది. ఇనుము లేదు. ఇనుము అందక, పత్రహరితం సరిగా కట్టుకోలేక, నీటిలోని సూక్ష్మమైన మొక్కలన్నీ ఈసురోమంటూ తేలుతున్నాయి. నౌక చుట్లు తిరుగుతూ దాదాపు 50 చదరపు కిలోమీటర్ల మేర మందు కలిపింది. 13 రోజులు అక్కడక్కడే తచ్చాడి, నీళ్లు పచ్చబడటం కళ్లారా చూసి వెనక్కి మళ్లింది.

అసలు వింత నౌక వెళ్లిపోయాక బయటపడింది. మందు వేసి ఆరు వారాలైంది. మార్చిలో ఓ రోజు మబ్బు కాస్త విడింది. ఆ సందులోంచి సీవిఫ్స్ ఉపగ్రహ పరికరం కిందికి చూస్తే, చీకటి నీళ్ల మధ్య ఓ పచ్చని పట్టీ కనిపించింది. పొడవు 150 కిలోమీటర్లు. ఓ కొస వంపు తిరిగి ఉంది. నౌక వదిలొచ్చిన మరకే అది. గాలులకూ పెద్ద అలలకూ పేరుమోసిన ఆ సముద్రంలో, అన్ని రోజులూ నీళ్లను ఏదో ఒకటి కలియబెడుతూనే ఉంది. మామూలు లెక్కన ఆ మరక పలచబడి పలచబడి ఆనవాలు లేకుండా పోవాలి. పోకపోగా పొడుగు సాగింది. సాగుతూ బతికింది. ఎలా?

సముద్రంలో పచ్చదనం ఎక్కడ పుడుతుందో, ఎంత దూరం పాకుతుందో, ఎప్పుడు మాయమవుతుందో కాగితం మీద లెక్కగట్టాలని చూసిన వాళ్లందరి తలనొప్పీ ఇదే. లెక్క వరకు చూస్తే ప్లవకాలకు, అంటే నీటిలో తేలే ఈ సూక్ష్మజీవులకు, జరిగేవి రెండే: పెరగడం, చెదరడం. పెరగడం వాటి చేతిలో ఉంది. చెదరడం నీళ్ల చేతిలో ఉంది. మొదటిది జమ, రెండోది ఖర్చు అని తొలినాళ్లలో అనుకున్నారు. ఆ రెండో పద్దును ఏ ఖాతాలో రాయాలన్న దగ్గరే కథ మలుపులు తిరిగింది.

ముందు ఆ జీవుల్ని కాస్త దగ్గరగా చూడాలి. తీరంలో నాలుగు బకెట్ల నీళ్లు తోడి, సన్నటి పట్టు వలలో వడగట్టి, వలకు అంటినదాన్ని సూక్ష్మదర్శిని కింద పెడితే ఎక్కువగా కనిపించేవి డయాటమ్‌లు. గాజుకు ముడిసరుకైన సిలికాతోనే ఒళ్లు కట్టుకున్న ఏకకణ జీవులివి. కొన్ని గుండ్రంగా ఉంటాయి, ఒళ్లంతా వరసలు తీరిన రంధ్రాలతో. కొన్ని పొడుగాటి ముళ్లతో ఒకదాన్నొకటి పెనవేసుకుని గొలుసులు కడతాయి. ప్రతిదానికీ రెండు చిప్పలు. ఒకటి కాస్త పెద్దది, రెండోది దాని లోపల సరిగ్గా అమరేది. కణం రెండుగా చీలేటప్పుడు చెరో చిప్పా పంచుకుని, రెండూ లోపలి చిప్పనే కొత్తగా కట్టుకుంటాయి. అంటే చిన్న చిప్ప దక్కిన పిల్ల తల్లికన్నా ఒక పిసరు చిన్నది. తరాలు గడిచేకొద్దీ వంశం అలా కుదించుకుపోతూ వస్తుంది. మరీ చిన్నబోయాక చిప్పలు వదిలేసి, ఆడా మగా కణాలుగా జతకట్టి, మళ్లీ నిండు కొలతతో కొత్త కాపురం మొదలెడతాయి. కంటికి ఆనని జీవికి ఎంత సంసారమో చూడండి.

ఈ వృక్ష ప్లవకాలన్నిటినీ తూకం వేస్తే భూమ్మీది మొక్కల బరువులో ఒక శాతం కూడా తూగవు. అయినా ఏటా భూగోళం మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం వీటి పనే. తక్కువ బరువుతో అంత పని ఎలాగంటే, వీటికి ఆయుష్షు తక్కువ, పెరుగుదల ఎక్కువ. రోజుకోసారి రెట్టింపయ్యే ఒక్క కణాన్ని వదిలేస్తే పది రోజుల్లో వెయ్యి దాటుతుంది, నెలకు వంద కోట్లు దాటుతుంది. సముద్రం అలా చిక్కబడిపోకపోవడానికి కారణం, పుట్టినవాటిలో చాలా భాగం ఆ రోజుకారోజు ఎవరో ఒకరి నోట్లో పడటమే. సముద్రం ముదురు నీలంగా నిగనిగలాడుతుంటే మనం ముచ్చటపడతాం గానీ, ఆ నీలం అక్కడ మేత లేదనడానికి గుర్తు.

ఈ జమాఖర్చులను తొలిసారి పద్ధతిగా రాసినవాళ్లలో గోర్డన్ రైలీ అనే అమెరికన్ ముఖ్యుడు. మసాచుసెట్స్ తీరానికి ఎదురుగా జార్జెస్ బ్యాంక్ అనే మిట్ట సముద్రం ఉంది, కాడ్ చేపలకు పేరుపడ్డ చోటు. అక్కడ 1939, 40 ప్రాంతాల్లో సేకరించిన కొలతలను దగ్గర పెట్టుకుని 1946లో ఆయనో వ్యాసం ప్రచురించాడు. ప్లవకాలు పెరిగే వేగం అంటే, అవి ఎండతో వండుకున్నదాంట్లోంచి అవి ఊపిరికి ఖర్చుపెట్టుకున్నది తీసేసి, ఆపైన జంతు ప్లవకాలు మేసేసింది కూడా తీసేయగా మిగిలింది. మూడే పద్దులు. ఎండ ఎంత, నీటి వెచ్చదనం ఎంత, పోషకాలెన్ని, మేసేవెన్ని అన్న అంకెలు వేసి, కంప్యూటర్ల కాలం ఇంకా రాలేదు కాబట్టి చేత్తోనే ఏడాది పొడవునా లెక్క నడిపాడు. గీసిన వంపు, నౌక మీంచి లెక్కపెట్టిన ప్లవకాల వంపు పక్కపక్కనే చక్కగా ఒదిగాయి. సముద్రంలో వసంతాన్ని అంకెల్లోంచి మొలిపించవచ్చని నమ్మకం కలిగింది అప్పుడే. అయితే రైలీ లెక్కలో నీళ్లు ఎక్కడికీ ప్రవహించవు. పచ్చదనం ఉన్నచోటే పెరిగి ఉన్నచోటే తరిగిపోతుంది.

కదలికను లెక్కలోకి తెచ్చినవాళ్లు వేరే దారిలో వచ్చారు. 1905లో ప్రాగ్ నగరం దగ్గర పెంపకం నుంచి తప్పించుకున్న మస్క్‌రాట్‌లు అనే నీటి ఎలుకల్లాంటి జంతువులు మధ్య యూరప్ అంతా ఎలా వ్యాపించాయో చూసి, బ్రిటన్‌కు చెందిన స్కెల్లమ్ 1951లో ఓ సమీకరణం రాశాడు. గమ్యం లేకుండా తిరిగే జీవులు, తిరుగుతూనే పిల్లల్ని కంటుంటే ఏమవుతుందన్నది అందులోని ప్రశ్న. రెండేళ్లకు కీర్‌స్టెడ్, స్లోబాడ్కిన్ అనే ఇద్దరు అదే ప్రశ్నను సముద్రానికి వేశారు. ఫ్లోరిడా తీరంలో చేపల్ని చంపే ఎర్రటి పోటు వాళ్ల మనసులో ఉంది. ఒక విషపు ప్లవకం ముద్దగా పెరగాలంటే దానికి నచ్చే నీళ్లు కనీసం ఎంత మేర ఉండాలి?

వాళ్ల జవాబు భలే పొందికైనది. పెరగడం ముద్ద అంతటా జరుగుతుంది. పోగొట్టుకోవడం అంచుల్లో జరుగుతుంది, అక్కడి కణాలు బయటి పనికిరాని నీళ్లలోకి కొట్టుకుపోతుంటాయి కాబట్టి. ముద్ద చిన్నదైతే అంతా అంచే. పెద్దదైతే నడుమ భాగం అంచు నష్టాన్ని పూడ్చుకోగలదు. ఆ రెండిటి మధ్య ఒక హద్దు కొలత ఉంది. నీళ్లు చెదరగొట్టే బలాన్ని పెరుగుదల వేగంతో భాగించి, వర్గమూలం తీసి, పై (π)తో గుణిస్తే ఆ కొలత వస్తుంది. రోజుకోసారి రెట్టింపయ్యే ప్లవకం, సెకనుకు ఒక చదరపు మీటరు చొప్పున చెదరగొట్టే నీళ్లు అనుకుంటే హద్దు కిలోమీటరు పైచిలుకు పడుతుంది. అంతకన్నా చిన్న ముద్ద ఎంత పెరిగినా చివరికి చెదిరిపోవాల్సిందే. పెరిగే వేగం నాలుగో వంతుకు తగ్గితే, కావాల్సిన మేర రెండింతలవుతుంది. అణు ఇంధనం ఎంత పోగుపడితే రగులుతుందో చెప్పే లెక్కా ఇదే తీరులో ఉంటుంది. లోపల పుట్టే న్యూట్రాన్లు, అంచులోంచి జారిపోయే న్యూట్రాన్లు.

అదే 1953లో నార్వే శాస్త్రవేత్త హరాల్డ్ స్వెర్‌డ్రప్ చెదరడాన్ని నిలువుగా చూశాడు. నార్వే సముద్రంలో ‘ఎం’ అనే వాతావరణ నౌక 1949 వసంతంలో పోగేసిన కొలతలు ఆయన చేతిలో ఉన్నాయి. చలికాలపు గాలులు పైనీళ్లను వందల మీటర్ల లోతు దాకా కలియబెడతాయి. ఆ కలతలో పడ్డ డయాటమ్‌కు కాసేపు పైన వెలుగు, చాలాసేపు అడుగున చీకటి. వెలుగులో సంపాదన, చీకటిలో ఖర్చు. కలిసే పొర ఒక హద్దు లోతును దాటిందంటే ఖర్చే ఎక్కువ. వసంతంలో ఎండ ఎక్కి, పైనీళ్లు వెచ్చబడి తేలికై, పొర పలచబడగానే జమ ఖర్చును దాటుతుంది. అప్పుడు ఒక్కసారిగా సముద్రం పచ్చబడుతుంది. కొద్ది పేజీల వ్యాసం, ఓ చిన్న సమీకరణం. అరవై ఏళ్ల పాటు పాఠ్యపుస్తకాలను ఏలింది. తర్వాత దానికి ఎన్ని చిల్లులు పడ్డా, నా మటుకు సముద్ర శాస్త్రంలో అంత తక్కువ మాటలతో అంత ఎక్కువ చెప్పిన రచన మరొకటి కనిపించదు.

ఈ రెండు లెక్కల్లోనూ చెదరడం అంటే శత్రువే. పక్కలకు చెదిరితే అంచు నష్టం, కిందికి చెదిరితే చీకటి నష్టం.

స్వెర్‌డ్రప్ లెక్కకు చిల్లి పొడిచింది మైకేల్ బెహ్రెన్‌ఫెల్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త. ఉత్తర అట్లాంటిక్ మీద ఉపగ్రహం ఏళ్ల తరబడి తీసిన చిత్రాలను ముందేసుకుని ఆయన 2010లో తిరుగుబాటు జెండా ఎగరేశాడు. నీళ్లు అన్నిటికన్నా లోతుగా కలిసే నడి చలికాలంలోనే ప్లవకాల మొత్తం పెరగడం మొదలవుతోందన్నాడు. వెలుగు కరువైన రోజుల్లో అదెలా సాధ్యం? ఆయన చెప్పిన కారణం మేసేవాటి వైపు నుంచి వచ్చింది. పొర లోతుగా కలిసినప్పుడు కింది నుంచి శుభ్రమైన నీళ్లు వచ్చి చేరతాయి. ప్లవకాలూ పలచబడతాయి, వాటిని మేసే జీవులూ పలచబడతాయి. ఇద్దరి మధ్యా దూరం పెరుగుతుంది. వేటగాడికి వేట దొరకదు. పెరుగుదల మందగించినా మేత అంతకన్నా మందగించింది కాబట్టి, మిగులు మిగులే. ఒక లీటరు నీళ్లలో చూస్తే ప్లవకాలు తగ్గినట్టే ఉంటాయి. పై నుంచి అడుగు దాకా మొత్తం కూడితే పెరుగుతుంటాయి. చెదరడం మొదటిసారి జమ ఖాతాలోకి వచ్చింది.

వాదం ఇంకా తెగలేదు. మధ్యలో మరో కోణం తెచ్చింది అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థలో పనిచేసే అమలా మహదేవన్. ఐస్‌లాండ్‌కు దక్షిణంగా 2008 వసంతంలో నీటితోపాటే కొట్టుకుపోతూ కొలతలు తీసే తేలు పరికరాలను వదిలారు. వాటి కొలతలకు కంప్యూటర్ మోడల్‌ను జోడించి ఆమె బృందం 2012లో తేల్చిందేమిటంటే, పైపొర పలచబడటానికి ఎండ కోసం ఆగనక్కర్లేదు. దక్షిణాన తేలికైన నీళ్లు, ఉత్తరాన బరువైన నీళ్లు పక్కపక్కన ఉన్నాయి. కిలోమీటర్ల వెడల్పు సుడులు తిరుగుతూ తేలిక నీళ్లను బరువు నీళ్ల మీదికి జరుపుతాయి. అంటే సుడే పైపొరకు మూత పెడుతుంది. ఎండ వల్ల అయితే పట్టే సమయం కన్నా 20 నుంచి 30 రోజుల ముందే వసంతం వచ్చేస్తుంది.

ఇప్పుడు ఆ దక్షిణ సముద్రపు పచ్చ పట్టీ సంగతి. న్యూజిలాండ్‌కు చెందిన ఎడ్వర్డ్ అబ్రహామ్ దాని లెక్క తేల్చి 2000లో ప్రచురించాడు. నీళ్లు మరకను అన్ని వైపులా సమానంగా చెదరగొట్టవు. ఒక దిక్కున లాగుతాయి, దానికి అడ్డంగా నొక్కుతాయి. వేళ్ల మధ్య సాగదీసిన తీగపాకంలా మరక పొడుగవుతూ సన్నబడుతుంది. అయితే పాకం ఎక్కడో తెగుతుంది, మరక తెగదు. సన్నబడిన కొద్దీ అంచుల్లోంచి అది పక్క నీళ్లలోకి పాకుతుంటుంది. నొక్కుడు ఒకవైపు, పాకుడు మరోవైపు. రెండూ సరిసమానమైన చోట వెడల్పు స్థిరపడుతుంది, పొడవు మాత్రం సాగుతూనే ఉంటుంది.

అందులోని అసలు చమత్కారం ఇది. డయాటమ్‌లకు చిప్పలు కట్టుకోను సిలికా కావాలి. మరక కదలకుండా ఒకచోటే ఉండిపోతే లోపలి సిలికా కొద్ది రోజుల్లో అయిపోయి, పెరుగుదల ఆగేది. సాగుతున్న మరక ప్రతిరోజూ అంచుల్లోంచి బయటి నీళ్లను తనలోకి లాక్కుంది. ఆ నీళ్లలో ఇనుము లేదు, సిలికా దండిగా ఉంది. లోపల సిలికా లేదు, ఇనుము ఉంది. రెండు పేదరికాలు కలిసి ఒక పంట పండింది. కీర్‌స్టెడ్, స్లోబాడ్కిన్‌ల లెక్కలో ప్రాణం తీసిన అంచే ఇక్కడ అన్నం పెట్టింది. అయితే ఈ మేలుకూ వెల ఉంది. పచ్చదనం అలా పలచబడుతూ ఉండటం వల్ల కణాలు ముద్దలు కట్టి అడుగుకు జారడం తగ్గుతుంది. సముద్రంలో ఇనుము చల్లితే గాలిలోని కార్బన్‌ను అడుగున పాతిపెట్టవచ్చని ఆశపడ్డవాళ్లకు ఇది రుచించని మాట.

కలియబెట్టడం మరో పాత చిక్కునూ కొంత విప్పింది. ఒకే పైపొరలో, ఒకే నాలుగైదు పోషకాల కోసం పోటీపడుతూ అన్ని వందల జాతులు ఎలా బతుకుతున్నాయి, గట్టిది ఒక్కటే మిగలాలి కదా అని ఈవ్లిన్ హచిన్సన్ 1961లో అడిగాడు. రైలీకి గురువు ఈయనే. దానికి జవాబులు చాలా వచ్చాయి. నాకు నచ్చింది 2010లో ఫ్రాన్సెస్కో డొవిడియో బృందం బ్రెజిల్, మాల్వినాస్ ప్రవాహాలు ఢీకొనే చోట చూపించినది. ఉపగ్రహ చిత్రంలో అక్కడి నీళ్లు ఏ జాతికాజాతి విడివిడి పేటలుగా కనిపిస్తాయి. ఒకే చోటులా కనిపించే సముద్రంలో నీటి సుడులే గోడలు కట్టి, ఒక్కో జాతికి కొన్ని వారాల పాటు ఒక్కో పేట అద్దెకిస్తాయి. ఆ తర్వాత గోడలు కదులుతాయి.

వీటన్నిటినీ కలిపి కంప్యూటర్‌లో సముద్రాన్ని నడిపేటప్పుడు జరిగేది ఇలా ఉంటుంది. విశాఖకు ఎదురుగా ఒక పెట్టె ఊహించుకుందాం: పది కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు, పది మీటర్ల లోతు. అందులో వంద కోట్ల ఘనపు మీటర్ల నీళ్లు. ఆ నీళ్లన్నిటికీ కలిపి నైట్రేట్‌కు ఒక అంకె, వృక్ష ప్లవకాలకు ఒక అంకె, మేసేవాటికి ఒకటి, చచ్చి రాలిన చెత్తకు ఒకటి. కొద్ది నిమిషాలకోసారి మోడల్ ఆ పెట్టె దగ్గరికి వస్తుంది. పక్క పెట్టెల్లోంచి వచ్చిందెంత, పక్కకు పోయిందెంత, కింది నుంచి ఎగదట్టిందెంత, ఎండకు పెరిగిందెంత, మేతకు పోయిందెంత, జారిందెంత అని చూసుకుని అంకెలు దిద్ది, తర్వాతి పెట్టెకు వెళ్తుంది. ఇలాంటి పెట్టెలు లక్షల్లో ఉంటాయి. 1990లో ఫాషమ్, డక్లో, మెకెల్వీ బెర్ముడా దగ్గరి సముద్రానికి రాసిన ఏడు అంకెల మోడల్ ఇప్పటి చాలా మోడళ్లకు మూలపురుషుడు. బాక్టీరియాను, అమ్మోనియంను, కరిగిన సేంద్రియ నత్రజనిని కూడా విడివిడిగా రాసింది అదే.

2007లో ఎంఐటీలో మైకేల్ ఫాలోస్ బృందం ఓ చిలిపి పని చేసింది. ఏ జాతి ఎక్కడుండాలో తామే రాయకుండా, పెరిగే వేగం, ఇష్టపడే వెచ్చదనం, పోషకాల ఆకలి వంటి గుణాలను చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా పంచి 78 రకాల ప్లవకాలను తయారుచేసి, కంప్యూటర్ సముద్రంలోకి వదిలేసింది. ఏళ్లు గడిచాక చూస్తే, చాలా రకాలు అంతరించాయి. మిగిలినవి ఎవరి చోటుకు వాళ్లు చేరాయి. ఉష్ణమండలపు నీలి నీళ్లలో గెలిచినవి, నిజ సముద్రంలో అక్కడే ఉండే ప్రోక్లోరోకాకస్ అనే అతిచిన్న జీవిని పోలి ఉన్నాయి. వాటిని అక్కడ పెట్టమని ఎవరూ చెప్పలేదు.

మన బంగాళాఖాతానికి వస్తే ఇక్కడి సమస్య తలకిందులు. ఇక్కడ కలియబెట్టేది సరిపోదు. వాన ముదిరి గోదావరికి ఎర్రనీరు తిరిగిందంటే కృష్ణ, మహానది, గంగ, బ్రహ్మపుత్ర, ఐరావతి కూడా అటూ ఇటుగా పొంగుతాయి. ఆ మంచినీళ్లు, సముద్రం మీదే కురిసే వాన, ఉప్పునీటి మీద తేలికపాటి పొరగా పరుచుకుంటాయి. నైరుతి గాలి ఎంత వీచినా ఆ మూత తెరుచుకోదు. కింద పోషకాలు మగ్గుతుంటాయి, పైన ప్లవకాలు పస్తులుంటాయి. అదే గాలి అరేబియా సముద్రంలో, ఒమన్, సోమాలియా తీరాల దగ్గర, అడుగు నీళ్లను పైకి లాగి సముద్రాన్ని పచ్చగా చేసేస్తుంది. ఒకే రుతుపవనం, పక్కపక్క సముద్రాలు, ఒకదానికి విందు, రెండోదానికి ఉపవాసం.

అలాగని మన తీరం పూర్తిగా గొడ్డుపోయిందనీ కాదు. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన యూజీన్ లఫాండ్ అనే అమెరికన్, వాల్తేరు ఎదుట ఎండాకాలంలో చల్లటి అడుగు నీళ్లు పైకి రావడాన్ని గమనించి రాశాడు. ఆ రోజుల్లో గాలి తీరం వెంబడి నైరుతి నుంచి వీస్తుంది. భూభ్రమణం వల్ల పైనీళ్లు గాలికి కుడి పక్కకు, అంటే తీరం నుంచి సముద్రం వైపుకు, జరుగుతాయి. ఆ ఖాళీలోకి కింది నీళ్లు ఎక్కి వస్తాయి. మే నెల మిట్టమధ్యాహ్నం బీచ్ ఇసుక కాళ్లు కాల్చేస్తుంటే, నీళ్లు మాత్రం ఊహించినదానికన్నా చల్లగా తగలడానికి ఇదో కారణం.

మూత బలంగా తెరుచుకునేది తుఫానుకే. నీటి రంగు చూసే ఓషన్‌శాట్-1 ఉపగ్రహం 1999 మే 26న శ్రీహరికోట నుంచి ఎగిరింది. అయిదు నెలలు తిరిగేసరికి అక్టోబరు చివర ఒడిశాను పెను తుఫాను ఊడ్చేసింది. వేల ప్రాణాలు పోయాయి. మబ్బులు తొలగాక ఉపగ్రహం పంపిన చిత్రాల్లో, తుఫాను ప్రభావం పడ్డ నీళ్లలో పత్రహరితం పెరిగి కనిపించింది. సుడిగాలి మంచినీటి మూతను చీల్చి, కింద మగ్గిన నైట్రేట్‌ను పైకి తోడేసింది. ఈశాన్య రుతుపవన కాలంలో బంగాళాఖాతంలో కనిపించే పచ్చదనాన్ని తుఫానులు మరింత చిక్కబరుస్తాయని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన వినయచంద్రన్ తదితరులు చూపించారు. ఊళ్లను ముంచిన గాలే సముద్రానికి మేతయింది. ఈ రెండు సంగతుల్నీ ఒకే వాక్యంలో రాయడానికి మనసు ఒప్పదు, కానీ జరిగింది అది.

ఈ అంకెలన్నీ మన దేశంలో ఒకచోట చేరేది హైదరాబాద్‌లో, ఇన్‌కాయిస్‌లో. చుట్టూ దక్కను బండలు, దగ్గరలో అల చప్పుడు లేదు. సముద్రాన్ని చూసుకునే జాతీయ కేంద్రం మాత్రం అక్కడే. నీటి రంగు, నీటి వెచ్చదనం చూపే ఉపగ్రహ చిత్రాల్లో రెండు రకాల నీళ్లు కలిసే గీతలను పట్టుకుని, ఏ రేవు నుంచి ఏ దిక్కుగా, ఎంత దూరం పోతే, ఎంత లోతున చేప దొరికే వీలుందో మత్స్యకారులకు తెలుగుతో సహా తీరప్రాంత భాషల్లో చెబుతారు. వేట నిషేధ కాలంలో, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు ఆ సూచనలు ఆగిపోతాయి. నీటి రంగు చూసి, పక్షుల వాలకం చూసి వల వేయడం గంగపుత్రులకు కొత్తేమీ కాదు. చూపు ఎంత దూరం ఆనుతుందన్నదే తేడా. కవ్వళ్లూ కానాగడతలూ ఆ గీతల వెంట చేరతాయంటే, పచ్చదనం అక్కడ పోగుపడి, దాన్ని మేసేవి అక్కడికి చేరి, వాటి వెనక ఇవి వస్తాయి కాబట్టే. పచ్చదనం శృతిమించినా తంటాయే. చేపలకు ఊపిరాడనివ్వని ప్లవకపు పోట్లను కనిపెట్టి ఉండటానికి ఇన్‌కాయిస్ ఎంచుకున్న చోట్లలో మన ఇచ్ఛాపురం దాటగానే వచ్చే గోపాలపూర్ తీరం ఒకటి.

2022 నవంబరు 26న శ్రీహరికోట నుంచే వెళ్లిన ఓషన్‌శాట్-3లో నీటి రంగును 13 పట్టీలుగా విడదీసి చూసే పరికరం ఉంది. అయినా వానాకాలంలో బంగాళాఖాతం మీద మబ్బు కమ్మితే ఏ ఉపగ్రహానికైనా కళ్లకు గంతలే. అది చూడగలిగేది కూడా పైపై నీళ్లనే. మన సముద్రంలో పత్రహరితం చాలాసార్లు పదుల మీటర్ల కింద, వెలుగూ పోషకాలూ రెండూ కాస్త కాస్త అందే లోతులో గుట్టుగా పోగుపడి ఉంటుంది. ఆ ఖాళీలను పూరించేది మోడలే. నీటిలో మునిగి లేస్తూ పత్రహరితం కొలిచే ఆర్గో తేలు పరికరాలు దానికి సాయం.

ఇన్ని సాధనాలున్నా ఎక్కువగా తడబడేది రైలీ రాసుకున్న మూడో పద్దు దగ్గరే. వాతావరణ మార్పును అంచనా వేసే ప్రపంచ స్థాయి మోడళ్లను పక్కపక్కన పెట్టి పోల్చి 2023లో వచ్చిన ఒక అధ్యయనం, సముద్రపు కార్బన్ లెక్కలో అన్నిటికన్నా పెద్ద అనిశ్చితి మేత దగ్గరే ఉందని తేల్చింది. కోపిపోడ్ అనే గింజంత జంతు ప్లవకం తిండి పలచగా ఉన్నప్పుడు కూడా వెతుక్కుని తింటుందా, లేక ఓ మోస్తరు చిక్కబడే దాకా ఆగుతుందా అన్న ఒక్క వంపును మార్చితే చాలు, మోడల్ సముద్రం వేరే సముద్రమైపోతుంది. పైగా ఆ కోపిపోడ్ ఉండేది సగటు నీళ్లలో కాదు. విశాఖ ఎదుటి పెట్టెలో ఉన్న పచ్చదనమంతా పలచగా పరుచుకుని ఉంటే దాని మేత ఒక తీరు. అంతే పచ్చదనం రెండు కిలోమీటర్ల పట్టీలో చిక్కగా చేరి ఉంటే మరో తీరు. పెట్టె మీద రాసి ఉన్న అంకె మాత్రం రెంటికీ ఒక్కటే.